అటక మీది ప్లేట్లు



నాటకం మన సీమ సొత్తు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) ధర్మవరంలోనే పుట్టారు. బళ్ళారి రాఘవ (1880-1946) ఆయన మేనల్లుడే.

హిందూపురంలో మా నాయన గ్రామఫోను ప్లేట్లు కొనేవాడు. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ లక్క ప్లేట్లలో ఒక పక్కకు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది. స్టేజీ మీద పావుగంట రాగం తీసే నటుడు కూడా ప్లేటులో పద్యాన్ని పరుగెత్తించవలసిందే. నాటకంలో ‘వన్స్ మోర్’ అంటే అదే పద్యం మరో సొగసుతో వచ్చేది. ప్లేటు ఎన్నిసార్లు వేసినా మార్పు లేదు. అయితే పాడినవారు పోయినా గొంతు మిగిల్చింది ఆ ప్లేటే.

1970లలో పెనుకొండలో గుమాస్తాగా ఉంటూ, మీటరుగేజి రైలెక్కి బెంగుళూరు ఫోర్టు హైస్కూలు ఆవరణలో రామనవమి కచేరీలకు పోయేవాణ్ణి. 1939లో మొదలైన ఆ కచేరీలలో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి వంటి మహామహులు పాడారు. తెల్లవారితే ఆఫీసు, అయినా అలసట తెలిసేది కాదు.

నాయన పోయాక, ఇల్లు మారుతూ ఆ ప్లేట్లన్నీ పాత సామాన్ల వాడికి నేనే తూకానికి ఇచ్చేశాను. బీటపడిన ఒక్కటి మిగిలింది. వేస్తే చుట్టుకోసారి ‘టక్’మంటుంది. ఆ చప్పుడు నాకు చురకే.

మీ అటక మీద ప్లేట్లుంటే పారవేయకండి. నిలువుగా పేర్చి, ఎండ తగలకుండా దాచండి. మనవలకు ఒక్కసారైనా వినిపించండి.