తరిమెన – లక్కపిడతలు



మన పురాణములలో సూర్యుని తరిమెన పట్టిన కథ యొకటి కలదు. విశ్వకర్మ కూతురగు సంజ్ఞాదేవి సూర్యుని పెండ్లాడి, ఆయన తేజమునకు తాళలేక, తన ఛాయను ఇంట నిలిపి తాను వెడలిపోయెను. సంగతి తెలిసిన పిమ్మట విశ్వకర్మ అల్లుని 'భ్రమము' అను యంత్రముపై నెక్కించి, త్రిప్పి, తేజములో కొంత చెక్కివేసెను. చెక్కినది ఎనిమిదవ పాలనియు, ఆ రాలిన తేజముతోనే విష్ణువునకు చక్రమును, శివునకు త్రిశూలమును, కుమారస్వామికి శక్తియు చేసెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది. కాళిదాసు రఘువంశము ఆరవ సర్గమున అవంతి రాజును వర్ణించుచు ఈ కథనే స్మరించెను.

సంస్కృతమున 'భ్రమ' శబ్దమునకు భ్రాంతి యనియు, సుడి యనియు, కుమ్మరిసారె యనియు, తరిమెన యనియు అర్థములు కలవు. నేను బడిలో ఈ కథ చెప్పునపుడెల్ల ఒకప్పుడు కుమ్మరిసారె యనియు, ఒకప్పుడు సానరాయి యనియు చెప్పుచుంటిని. ఒకనాడు వెనుక వరుసలోని కుర్రవాడొకడు లేచి, "అది మా ఇంట్లో కర్ర తిప్పే మిషనేమోనండి" అనెను. తరగతి యంతయు నవ్వెను. నేనును నవ్వి, "కావ్యమునకును మీ ఇంటి మిషనుకును ఏమి సంబంధమురా, కూర్చుండుము" అంటిని. వాడు ఏటికొప్పాకలో బొమ్మలు చేయువారి బిడ్డ. వాడు చెప్పినదే సరియైన అర్థమని నాకు తెలియుటకు చాల యేండ్లు పట్టినది. ఆ ఋణము తీర్చుకొనుటకే నేడు తరిమెనను గూర్చి మాటలాడబూనితిని.

తరిమెన యనగా నేమి? ఉలి కదలక నిలిచియుండగా కర్ర తాను తిరుగుచు ఉలికి ఒరసికొని గుండ్రపడు సాధనము. వడ్రంగి బాడిసెతో ఎంత నేర్పుగా చెక్కినను గుండ్రదనమున కొంత వంకర నిలుచును. తరిమెనపై తిరిగిన కర్రకు ఆ వంకర యుండదు.

ఈ పనిముట్టు మిక్కిలి ప్రాచీనమైనది. ఈజిప్టు దేశమున పెటోసిరిస్ అను పూజారి సమాధి గోడపై, క్రీస్తునకు పూర్వము 300 ప్రాంతమున చెక్కిన చిత్రమున, ఒకడు త్రాడు లాగుచుండగా వేరొకడు ఉలి పట్టియున్నాడు. తరిమెనకు మనకు తెలిసిన తొలి చిత్రమదియే. మన దేశమున రాతిని సైతము ఇట్లే నునుపు తీర్చిరి. కాకతీయులు 1163లో హనుమకొండయందు కట్టించిన వేయిస్తంభముల గుడిని, 1213లో పాలంపేటయందు లేచిన రామప్ప గుడిని చూచినవారు ఆ నల్లరాతి స్తంభములమీది గుండ్రని కట్లను మరువజాలరు. తరిమెన పట్టిన కర్రకాళ్ళవలె అవి కన్పట్టును.

పాతకాలపు త్రాటి తరిమెన పనిచేయు రీతిని మీకు వేరుగా బోధింపనక్కరలేదు. మజ్జిగ చిలుకు కవ్వమును తలచికొనుడు. కవ్వమునకు త్రాడు చుట్టి ఒక కొన లాగినపుడు ఇటు తిరుగును, రెండవ కొన లాగినపుడు అటు తిరుగును. ఆ కవ్వమును అడ్డముగా పరుండబెట్టి, దానిచోట కర్రను బిగించినచో తరిమెన యగును. ఒకడు త్రాడు లాగవలెను, ఒకడు ఉలి పట్టవలెను. కర్ర తనవైపు తిరిగివచ్చునపుడే ఉలి కోయును. వెనుకకు తిరుగునపుడు ఉలిని కొంచెము సడలింపవలెను. కావున సగము తిరుగుడు వృథా. ఈ వృథాను పోగొట్టుటకే పెద్ద చక్రమును, కాలితో త్రొక్కు పలకను, తుదకు కరెంటు మోటారును మనుష్యుడు క్రమముగా చేర్చుకొనెను.

ఐరోపాఖండమున ఈ విద్య రాజులకు సైతము వినోదమైనది. ఫ్రాన్సు దేశపు ప్లూమియే అను సన్న్యాసి 1701లో తరిమెన పనిని గూర్చి ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. రష్యా చక్రవర్తి మహా పీటరు తన చేతులతో దంతమును, కర్రను తరిమెన పట్టుచుండెడివాడు; ఆయనకు నార్తోవ్ అను శిల్పి యంత్రములు చేసి యిచ్చెను. ఇంగ్లాండున హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతమున ఉలిని మనుష్యుని చేతినుండి తప్పించి ఇనుప పట్టెడలో బిగించి, ఇనుమునే తరిమెన పట్టి సరిసమానమైన మరలను కోసెను. తక్కిన యంత్రములు చేయు యంత్రము అదియే యైనది. ఒకే పనిముట్టు అక్కడ కర్మాగారములకు తల్లియైనది; ఇక్కడ పసిపిల్లల ఆటవస్తువులకు తల్లియైనది. రెండవది మొదటిదానికంటె తక్కువ యని నేను తలంపను.

ఇక మన ఏటికొప్పాక. వరాహనది యొడ్డున, పూర్వము విశాఖపట్టణము జిల్లాలోను, 2022 నుండి అనకాపల్లి జిల్లాలోను ఉన్న గ్రామము. కొండపల్లి బొమ్మయు ఏటికొప్పాక బొమ్మయు ఒకటే యని చాలమంది యందురు. అది పొరపాటు. కొండపల్లివారు తెల్లపొణికి కర్రను చెక్కి, అతికి, రంగు పూయుదురు. ఏటికొప్పాకవారు అంకుడు కర్రను తరిమెన పట్టి లక్క యెక్కింతురు. అంకుడు చెట్టునే కొన్ని సీమలలో తెడ్లపాల యందురు. కర్ర తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో నుండును. ఉలి తగిలినపుడు పెచ్చులుగా లేవక, నూలుపోగువలె పొట్టు వచ్చును.

కొమ్మను ఆరబెట్టి, తుండెములుగా కోసి, తరిమెనకు బిగించి, పై తీర్పు తీర్తురు. పిమ్మట లోపల తొలుతురు. లక్కను నిప్పులపై కరగించి, రంగు కలిపి, ముద్దచేసి, కడ్డీలుగా సాగదీయుదురు. తిరుగుచున్న బొమ్మకు ఆ కడ్డీని అదిమి పట్టినంతనే ఒరపిడి వేడికి లక్క కరగి పలుచగా అంటుకొనును. తుదకు మొగలి ఆకును అదిమి పట్టినచో అద్దమువలె నిగనిగలాడును. కుంచె లేదు, నూనె లేదు; వేడియు తిరుగుడును మాత్రమే. ఈ విధముననే మన ఆడపిల్లల గుజ్జనగూళ్ళకు కావలసిన పిడతలు, గరిటెలు, రోళ్ళు, తిరుగళ్ళు, కుంకుమ భరిణెలు, మగపిల్లల బొంగరములు పుట్టినవి.

ఈ పనికి ఆపద తరిమెనవలన రాలేదు; రంగువలన వచ్చెను. పూర్వము పసుపు, నీలి, జాఫ్రా గింజలు మున్నగువానినుండి రంగులు తీసెడివారు. 1856లో ఇంగ్లాండున పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల బాలుడు తొలి రసాయన రంగును కనుగొనెను. 1897లో జర్మనీవారు కృత్రిమపు నీలిని అంగడికి తెచ్చిరి. క్రమముగా మన పల్లెలకును పొట్లములలో రంగులు వచ్చినవి. వారము దినముల పని గడియలో తీరుచున్నపుడు పేదవాడు పొట్లము కొనుటలో తప్పేమి? కాని అట్టి రంగులు కొన్నిటియందు సీసము వంటి విషములుండును. పసిబిడ్డ చేతికి వచ్చిన దేదైనను నోట పెట్టుకొనునని ఎరుగనివారెవరు? బొమ్మ చూడ ముచ్చటగా నుండి, లోన కీడు దాచుకొన్నచో అది బొమ్మయే కాదు.

1990 ప్రాంతమున ఆ గ్రామమువారే యైన చింతలపాటి వెంకటపతి రాజుగారు ఈ చిక్కును గుర్తించి, ఆకులు, గింజలు, వేళ్ళు, బెరడులనుండి తిరిగి రంగులు తీయించి, అవి లక్కలో కలియు మార్గమును పనివారితో గూడి శోధించిరి. పాతదానిని తిరిగి తెచ్చుట క్రొత్తది కనుగొనుటకంటె సులువు కాదు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2023లో రాజుగారికి పద్మశ్రీ వచ్చినది. 2025 గణతంత్ర దినమున ఢిల్లీ నగరమున ఈ బొమ్మలే ఆంధ్రప్రదేశ్ శకటమై నడచినవి.

ఉద్యోగ విరమణ చేసిన పిమ్మట నేను ఏటికొప్పాక పోయితిని. నా పాత శిష్యుని ఇల్లు వెదకికొని పోగా వాడు లేడు. దూరమున నేదో కర్మాగారములో పనికి కుదిరెనట. తండ్రి తరిమెన యొద్ద కూర్చుండియుండెను. నేను సిగ్గు విడిచి, బడిలో జరిగినది చెప్పి, సూర్యుని కథయు వినిపించితిని. ఆయన ఉలి ఆపకయే వినెను. తుదకు, "ఎనిమిదో వంతే తీసేరా మాస్టారూ? అయితే ఆయన మంచి పనోడండి. పిడత తొలిస్తే మాకు సగం పైన పొట్టుకే పోద్ది" అనెను. తరువాత కొంతసేపూరకుండి, "మావోడు అన్నమాట తప్పు కాదన్నమాట. వాడొస్తే చెప్తానండి" అనెను.

నేను నలుబదియేండ్లు చదివిన శ్లోకమునకు సరియైన వ్యాఖ్యానము ఆ పొట్టురాశి నడుమ వింటిని. భ్రమ శబ్దమునకు తరిమెన యను అర్థము ఆ పిల్లవానికి తెలిసెను. భ్రాంతి యను అర్థము మాత్రము నాయందు నిలిచెను.

పెద్దలారా, మీ పొలముల గట్లపై అంకుడు చెట్టున్నచో మొదలంట నరకింపకుడు. మోడు నిలిపి కోసినచో అది మరల చిగిర్చి కొమ్మలిచ్చును. మనుమలకు బొమ్మ కొనునపుడు అందలి రంగు ఎట్టిదని అడుగుడు. అడుగువారున్నపుడే మంచి రంగు వేయువాడు బ్రతుకును. అన్నిటికంటె ముఖ్యముగా, చేతిపని యెరిగిన బిడ్డ ఏదైన మాట చెప్పబోయినపుడు వానిని కూర్చుండుమనకుడు. నేను అట్లని పోగొట్టుకొన్నది ఏమో మీకు విన్నవించితిని.