చెరకు జీనోమ్

సాగు పంటల్లో అత్యంత చిక్కైన జీనోమ్‌లలో చెరకుది ఒకటి. ఆ చిక్కుకు మూలం కోయంబత్తూరులో కనిపిస్తుంది. అక్కడ 1912లో నెలకొన్న చెరకు ప్రజనన కేంద్రంలో సి.ఎ. బార్బర్, టి.ఎస్. వెంకట్రామన్ ‘వెల్లై’ అనే తీపి చెరకును స్థానిక రెల్లుతో సంకరపరిచారు. ఆ సంకరం నుంచి 1918లో కో 205 రకం విడుదలైంది. మన పంటల చరిత్రలో ఇంత సాహసమైన సంకరం అరుదు. మామూలుగా తల్లి నుంచి సగం క్రోమోజోములే రావాలి. ఇక్కడ తల్లి చెరకు తన 80నీ ఇచ్చేసింది, రెల్లు 64లో సగం ఇచ్చింది: మొత్తం 112. ఇలాంటి సంకరాల నుంచే వచ్చిన నేటి రకాల్లో ఒక్కో జన్యువుకు పది దాకా నకళ్లుంటాయి, అవీ అచ్చంగా ఒకేలా ఉండవు. అందుకే వరి జీనోమ్ 2005లోనే వెలువడినా, ఆర్570 చెరకు రకం సమగ్ర జీనోమ్ 2024లో గాని రాలేదు. తుప్పు తెగులును అడ్డుకునే జన్యువుల జాడ అందులోనే దొరికింది.