కిటికీ లేని బడి

యుద్ధం సినిమా అంటే ఫిరంగులూ, విమానాలే గుర్తొస్తాయి మనకి. కానీ 1942లో హంఫ్రీ జెన్నింగ్స్, స్టూవర్ట్ మెకాలిస్టర్ తీసిన 'లిజన్ టు బ్రిటన్' డాక్యుమెంటరీలో బడిపిల్లలు పియానో పాటకి గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. కిటికీలోంచి ఒక ఇల్లాలు చూస్తుంది. తర్వాత గదిలో ఉన్న సైనికుడి ఫొటో వంక చూస్తుంది. అంతే! వ్యాఖ్యానం ఒక్క ముక్క లేదు. అమెరికాకి పంపేటప్పుడు, జనానికి అర్థం కాదేమోనని ముందు ఓ ఉపన్యాసం తగిలించారు. ఆ చూపు ఏ ఆడదానికి అర్థం కాదు చెప్పండి?

ఎనభై ఏళ్ళు గడిచాయి. ఉక్రెయిన్ బడుల మీద కతెరీనా గోర్నోస్తాయ్ తీసిన 'టైమ్‌స్టాంప్' 2025లో బెర్లిన్ చిత్రోత్సవం పోటీకి వచ్చింది. ఇందులోనూ వ్యాఖ్యానం లేదు. బాంబుల భయానికి ఖార్కివ్‌లో బళ్ళు భూగర్భ రైల్వే స్టేషన్లలోకి దిగాయి. పెద్ద పిల్లలు నెత్తురు ఆగేలా పట్టీ బిగించడం నేర్చుకుంటారు. బిగించిన వేళ రాసిపెట్టాలి. ఎక్కువసేపు ఉంచితే ఆ కాలో చెయ్యో దక్కదు. సినిమాకి ఆ పేరు అందుకే.

ఆనాటి ఇల్లాలికి పిల్లల ఆట కిటికీలోంచి కనిపించింది. నేలకింది బడికి కిటికీ ఎక్కడిది? లోపల పిల్లలు ఎలా ఉన్నారో తల్లులకి చూపించేది ఇలాంటి సినిమాలే.