సబ్‌నెట్టింగ్: ఐ.పి. చిరునామాలో సరిహద్దు గీత

కంప్యూటర్ నెట్‌వర్కులో ప్రతి యంత్రానికీ ఒక సంఖ్యా చిరునామా ఉంటుంది. దానినే ఐ.పి. చిరునామా అంటారు. ఒక నెట్‌వర్కుకు లభించిన చిరునామాలను చిన్న చిన్న విభాగాలుగా పంచుకునే పద్ధతికి సబ్‌నెట్టింగ్ అని పేరు.

తపాలా పిన్‌కోడు ఇందుకు తగిన పోలిక. 1972లో మన దేశంలో ప్రవేశపెట్టిన ఈ ఆరంకెల సంఖ్యలో మొదటి మూడు అంకెలు ప్రాంతాన్ని, చివరి మూడు అంకెలు అక్కడి తపాలా కార్యాలయాన్ని సూచిస్తాయి. యానాం పాలనాపరంగా పుదుచ్చేరికి చెందినదే అయినా, దాని పిన్‌కోడు 533464. పొరుగునున్న కాకినాడ ప్రాంతపు కోడ్లవలె 533తోనే మొదలవుతుంది. అనగా పాలన సరిహద్దు వేరు, బట్వాడా సరిహద్దు వేరు. ఐ.పి. చిరునామాలోనూ నెట్‌వర్కు భాగం, యంత్ర భాగం అని రెండు ఉంటాయి. అయితే ఇక్కడ ఆ రెండింటి నడుమ గీతను మనమే నిర్ణయించుకోవచ్చు.

1981లో ప్రమాణీకరించిన నాలుగవ రూపాంతరంలో చిరునామా పొడవు 32 బిట్లు. వాటిని ఎనిమిదేసి బిట్ల నాలుగు భాగాలుగా వ్రాస్తారు. ప్రతి భాగం విలువ 0 నుండి 255 వరకు ఉంటుంది. తొలినాళ్లలో చిరునామాలను తరగతులవారీగా కేటాయించేవారు. 'సి' తరగతిలో 254 యంత్రాలకు, 'బి' తరగతిలో 65,534 యంత్రాలకు చోటుండేది. మూడువందల యంత్రాలున్న సంస్థకు మొదటిది చాలదు. రెండవది తీసుకుంటే వేలకొద్దీ వృథా. 1985లో సబ్‌నెట్టింగ్ ప్రమాణం, 1993లో తరగతులతో నిమిత్తం లేని కేటాయింపు పద్ధతి వచ్చాయి.

గీత ఎక్కడుందో తెలిపేది సబ్‌నెట్ మాస్కు. ఒక పాఠశాలకు 192.168.1.0 మొదలుకొని 256 చిరునామాలు ఉన్నాయనుకుందాం. కార్యాలయం, ప్రయోగశాల, గ్రంథాలయం, ఉపాధ్యాయుల గది అని నాలుగు విభాగాలు కావాలి. అప్పుడు మాస్కు 255.255.255.192. దీనినే క్లుప్తంగా /26 అని వ్రాస్తారు. మొదటి 26 బిట్లు నెట్‌వర్కువని అర్థం. మిగిలిన 6 బిట్లతో 64 చిరునామాలు ఏర్పడతాయి. విభాగాలు ఇవి:

0 – 63
64 – 127
128 – 191
192 – 255

ప్రతి విభాగంలో మొదటి చిరునామా ఆ విభాగానికే పేరు. చివరిది అందరికీ ఒకేసారి సందేశం పంపేందుకు. కావున యంత్రాలకు మిగిలేవి 62.

192.168.1.70 ఏ విభాగానిది? చివరి భాగాన్ని బైనరీలో వ్రాసి, మాస్కుతో పోల్చి, రెండింటిలోనూ 1 ఉన్న స్థానంలో మాత్రమే 1 వేయాలి.

70 = 01000110
192 = 11000000
ఫలితం = 01000000, అనగా 64.

కావున ఇది రెండవ విభాగానికి చెందినది. తన విభాగంలోని యంత్రంతో కంప్యూటరు నేరుగా మాట్లాడుతుంది; వేరే విభాగమైతే సందేశాన్ని రౌటరుకు అప్పగిస్తుంది.

ఈ నిర్ణయం మాస్కును చూసి చేసేదే గనుక, మాస్కు తప్పితే దారి తప్పుతుంది. ఈ వ్యాసకర్త ఒకసారి ప్రయోగశాలలోని 70వ నంబరు యంత్రానికి పొరపాటున 255.255.255.0 అని ఇచ్చాను. ఇంటర్నెట్ వచ్చింది, పక్క యంత్రాలూ పలికాయి; కార్యాలయంలోని 130వ నంబరు ప్రింటరు మాత్రం పలకలేదు. మార్కుల పట్టికలు ఇవ్వవలసిన రోజున ఒక పూటంతా తీగలనే శంకించాను. ఆ కంప్యూటరు ప్రింటరును తన విభాగంలోనిదే అనుకొని, రౌటరును అడగకుండా నేరుగా పిలుస్తూ కూర్చుంది. అన్నీ పనిచేస్తూ ఒక్క విభాగమే అందకపోతే ముందుగా చూడవలసినది మాస్కునే.

ఒక హెచ్చరిక. విభజించినంత మాత్రాన రక్షణ సమకూరదు. విద్యార్థుల యంత్రాల నుండి కార్యాలయపు దస్త్రాలను కాపాడాలంటే, ఆ విభాగాలను స్విచ్చుల వద్దనే వేరుచేసి, రౌటరులో తగిన నిబంధనలు కూడా విధించాలి.

నాలుగవ రూపాంతరపు చిరునామాల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే నిండుకుంది. ఆరవ రూపాంతరంలో చిరునామా పొడవు 128 బిట్లు. అంకెలు పెరిగినా సూత్రం మారలేదు: గీత ఎక్కడుందో తెలిసినవారికే చిరునామా పూర్తిగా అర్థమవుతుంది.