శంకుస్థాపనకు ముందు నేలను అడుగుదాం

జూబిలీ అనగానే ఏ సంఘంలోనైనా కొత్త హాలు మాట ముందుకొస్తుంది. పునాదికి గుంటలు తవ్వుతారు, పాత గోడల ఆనవాళ్లు మట్టితో పాటు లారీ ఎక్కి వెళ్లిపోతాయి. ఖరగ్‌పూర్ తెలుగు క్రైస్తవుల తొలి ప్రార్థన ఎక్కడ జరిగిందని అడిగితే ఇంటికో జవాబు వస్తుంది. ఒకరు రైల్వే క్వార్టర్ వరండా అంటారు, ఇంకొకరు తాటాకు పాక అంటారు. ఇప్పటి గుడి వేదిక కిందే అనేవాళ్లూ ఉన్నారు.

మనం ఇక్కడికి ఎలా వచ్చామో మాత్రం తగాదా లేదు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ 1898లో వర్క్‌షాపు పని మొదలుపెట్టింది. కోలాఘాట్ దగ్గర రూపనారాయణ్ నది వంతెన 1900లో తెరుచుకుంది. 1902లో తూర్పు తీరపు రైలుమార్గం ఉత్తర భాగం కూడా ఆ కంపెనీ చేతికే వచ్చింది. అంటే వాల్తేరు, శ్రీకాకుళం వైపు వాళ్లకు ఖరగ్‌పూర్ పరాయి ఊరు కాదు, ఒకే కంపెనీ పట్టాల మీద ఇంకో స్టేషను. వాళ్లలో క్రైస్తవులు విశ్వాసాన్నీ మూటలో పెట్టుకునే వచ్చారు. విశాఖపట్నంలో లండన్ మిషనరీలు 1805లోనే దిగారు. 1874లో కాకినాడలో మొదలైన కెనడియన్ బాప్టిస్టు మిషన్ తర్వాత భీమిలి, శ్రీకాకుళం, బొబ్బిలి దాకా వెళ్లింది.

ఇక నేల సంగతి. గ్రౌండ్ పెనిట్రేటింగ్ రాడార్ అనే పరికరం తవ్వకుండానే భూమి లోపల చూస్తుంది. చక్రాల మీద నడిపే పెట్టె అది. రేడియో తరంగాలను కిందికి పంపుతుంది. మట్టి మారిన చోట, ఇటుకో రాయో బోలో తగిలిన చోట తరంగం కొంత వెనక్కి తిరుగుతుంది. ఎన్ని నానోసెకన్లలో తిరిగొచ్చిందో చూసి లోతు లెక్కగడతారు. అర మీటరు ఎడంతో వరసలుగా నడిపి, ఆ వరసలన్నీ కలిపితే పొరలు పొరలుగా నక్షా వస్తుంది. 400 మెగాహెర్ట్జ్ యాంటెన్నా అనుకూలమైన నేలలో రెండు మీటర్ల దాకా చూడగలదు. పాత పునాదులకు అది చాలు.

మన నేల అంత అనుకూలం కాదు. ఎర్ర మొరం, మధ్యమధ్య బంకమట్టి. తడి బంకమట్టి తరంగాన్ని తాగేస్తుంది, కనుక నేల బాగా ఆరిన మార్చి నెలలో చేస్తేనే మేలు. నీళ్ల పైపులు, కరెంటు కేబుళ్లు ఎక్కడున్నాయో ముందే గుర్తు పెట్టుకోవాలి. పూడ్చిన బావి, బాప్తిస్మపు తొట్టి, ఇటుక పునాది ఉంటే తెలిసే అవకాశం ఎక్కువ. పాకతోనే చిక్కు. గుంజలు పాతిన గుంటలు, దిమ్మిస కొట్టిన నేల తప్ప దానికి ఏమీ మిగలదు.

ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ చర్చిలో షేక్‌స్పియర్ సమాధిని ఈ రాడార్‌తో చూసి 2016లో ఫలితాలు చెప్పారు. రాయి కదపకుండానే, సమాధి మీటరు లోతు కూడా లేదనీ తల వైపు నేల కెలికినట్టుందనీ తేల్చారు. ఎవరు కెలికారో యంత్రం చెప్పలేదు. కాలం కూడా చెప్పలేదు. యెరూషలేములో క్రీస్తు సమాధి మందిరాన్ని బాగుచేసినప్పుడు రాడార్‌తోనూ పరిశీలించారు, కానీ క్రీస్తుశకం 345 ప్రాంతం అన్న లెక్క వచ్చింది పాలరాతి పలక కింది సున్నం పరీక్షలోనే. రాడార్ వస్తే చరిత్ర తేలిపోతుందని ఎవరైనా వేదిక మీద చెబితే నమ్మకండి.

అయినా చేయించాల్సిందే అంటాను. హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1951లో మొదలైన ఐఐటీ మన పక్కనే ఉంది. అక్కడి భూగర్భ శాస్త్ర విభాగం వాళ్లు పురావస్తు శాఖతో కలిసి గుజరాత్‌లోని వడ్‌నగర్ తవ్వకాల మీద పనిచేసినవాళ్లు. సంఘం పెద్దలు ఒక అర్జీ రాస్తే పోయేదేముంది? స్థలం రైల్వేదైతే డివిజన్ ఆఫీసు అనుమతి కూడా ముందుగానే తీసుకోవాలి.

నేల చెప్పేది సగమే. మిగతా సగం మన ట్రంకు పెట్టెల్లో ఉండాలి. స్వగ్రామపు సంఘం ఇచ్చిన బదిలీ ఉత్తరాలు, బాప్తిస్మపు చీటీలు, పెళ్లి ఫొటోలు, తాతగారి సర్వీసు పుస్తకం. ఫొటో వెనక రాసిన ఒక్క తేదీ ఏ యాంటెన్నాకూ దొరకదు. ఈ సంచిక చదివిన ప్రతి కుటుంబం తమ దగ్గరున్న కాగితాలను సంఘ కార్యదర్శికి చూపించాలి. నకలు తీసుకుని అసలు మీకే తిరిగి ఇవ్వమని అడగండి. హాలు పనికి మొదటి గునపం దిగేది ఆ తర్వాతే కావాలి.