పెరికెద్దుల వర్తకము - అద్దాల కుట్టుపని

వికారాబాదు, తాండూరు పట్టణముల చుట్టుప్రక్కల లంబాడీల తాండాలు అనేకములు కలవు. అచ్చటి వృద్ధస్త్రీలు ధరించు ఫేట్యా, కాంచళి మొదలగు దుస్తులపై అద్దపు బిళ్ళలు, గవ్వలు, రంగుదారపు కుట్లు మెరయుచుండును. ఇది కేవలము అలంకారమేనా? కాదు. దక్కను వర్తకచరిత్ర కొంత దీనిలో ఇమిడియున్నది.

లంబాడీలు పూర్వము బిడారు వర్తకులు. ధాన్యము, ఉప్పు ఎద్దులపై వేసి దూరదేశములకు చేరవేసెడివారు. 17వ శతాబ్దిలో మన దేశమునకు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావర్నియే, పది పన్నెండు వేల ఎద్దులుగల బిడారులను వర్ణించెను. బరువు మోయు పెరికెలు చినుగరాదు. గుడ్డను పొరలుగా పేర్చి దట్టముగా కుట్టినచో లాగుడు ఒక్క పోగుపై పడక అన్నిటిపై పంచబడును. ఆ విధముగా అవసరమునకు పుట్టిన కుట్టు క్రమముగా అందమును సంతరించుకొనెను. ముందు నడచు ఎద్దు నొసటి గుడ్డకును గవ్వలు, అద్దములు అమరినవి.

అద్దమునకు సూది దిగదు గదా, మరి దానిని కుట్టుట ఎట్లు? మొదట బిళ్ళపై దారమును అడ్డముగా, నిలువుగా లాగి చట్రము కట్టుదురు. పిమ్మట ఆ చట్రమును పట్టుకొని అంచుచుట్టు గుండ్రముగా కుట్టుదురు. పూర్వము గాజును బుడగగా ఊది, లోపల లోహపు పూత పోసి, పగులగొట్టి బిళ్ళలు చేసెడివారు. అందుచేత బిళ్ళ కొంచెము ఉబ్బుగా నుండి, పడిన వెలుగును నలుదెసలకు చిమ్మును. మనిషి ఏ ప్రక్కకు కదలినను తళుకు తప్పదు.

1874లో సికింద్రాబాదు - వాడి రైలుమార్గము వికారాబాదు, తాండూరుల మీదుగా తెరువబడెను. వేల ఎద్దులు మోయు సరకును రైలు కొలది గంటలలో చేరవేయసాగెను. రహదారులు, బండ్లు అదివరకే దెబ్బతీసిన బిడారు వర్తకము దీనితో అంతరించెను. లంబాడీలు పలువురు సేద్యమునకు, పశుపోషణకు, కూలికి దిగిరి. పెరికెలు పోయినను స్త్రీల చేతి సూది ఆగలేదు.

ఇట్టి కథయే కెనడాలోను కలదు. క్విబెక్కు నగరము చెంతనున్న వెండాట్ జాతి స్త్రీలు, మూజ్ అను పెద్ద జింక వెండ్రుకలకు రంగు వేసి పూలు కుట్టెడివారు. వేటభూములు తరిగిపోయిన 19వ శతాబ్దిలో ఆ కుట్టుపనియే వారిలో పలువురకు జీవనాధారమైనది.

కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినది. మన తాండాలలోనో, యువతులు చీరలకు మరలినారు. యంత్రపు కుట్టు చౌకగా దొరకుచున్నది. చేతిపనికి తగిన వెల దొరకినప్పుడే తల్లి నేర్పిన కుట్టు కూతురి చేతిలో నిలుచును.