బిల్లులో ధర్మం వాటా: మగమ నుంచి హోటల్ దాకా

'మీ బిల్లులో కొంత అన్నదానానికి' అనే బోర్డు ఇప్పుడు కొన్ని హోటళ్లలో కనిపిస్తోంది. ఇది కార్పొరేట్ కాలం తెచ్చిన పద్ధతి కాదు. అమ్మకంలో ఒక వాటాను ధర్మానికి తీసిపెట్టడం మన దేశంలో మధ్యయుగం నాటికే ఉంది. ఈ చరిత్రను చదివేటప్పుడు ఒక ప్రశ్న అడగాలి: ఆ డబ్బు ఎవరిది?

వర్తకుల మగమ

1261 నాటి మల్కాపురం శాసనంలో రుద్రమదేవి కాలపు అన్నసత్రం, వైద్యశాల, ప్రసూతిశాల కనిపిస్తాయి. వాటికి ఆధారం దానంగా వచ్చిన భూమి. భూమి లేని వర్తకులు మరో దారి ఎంచుకున్నారు. అమ్మే సరుకు మీద ఇంత అని తమకు తామే నిర్ణయించుకుని గుడికి ఇచ్చేవారు. దాన్నే శాసనాలు మగమ అన్నాయి. రాజు వేసేది సుంకం. వర్తకులు తామే ఒప్పుకున్నది మగమ. ఒప్పందం రాతి మీద అందరికీ కనిపించేది.

తమిళనాట దీన్ని మగమై అన్నారు. 19వ శతాబ్దం చివర విరుదునగర్ నాడార్ వర్తకులు తమ సమష్టి నిధులతో క్షత్రియ విద్యాశాల నడిపారు. అక్కడ చదివిన కామరాజ్ తర్వాత ముఖ్యమంత్రిగా బడుల్లో మధ్యాహ్న భోజనాన్ని విస్తరించారు.

విద్యాసాగర్ సత్రం

తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్న ఖరగ్‌పూర్‌లో విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ సంస్కర్తగా మనకు తెలుసు. ఆయన వ్యాపారి కూడా. సంస్కృత ప్రెస్ నడిపారు. 1855లో 'వర్ణపరిచయం' ప్రచురించారు. 1858లో ఉద్యోగం వదిలాక పుస్తకాల అమ్మకమే ఆయనకు ప్రధాన ఆదాయం. 1866 కరువులో స్వగ్రామం బీర్‌సింహలో సొంత ఖర్చుతో అన్నసత్రం తెరిచారు. ఆ ఊరు నేడు ఖరగ్‌పూర్ ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోనే ఉంది. ఇక్కడ డబ్బు పూర్తిగా దాతది.

కొనుగోలుదారు డబ్బు

ఉత్తరాది మార్కెట్లలో ధర్మాదా పద్ధతి ఇందుకు భిన్నం. సరుకు ధరకు అదనంగా ధర్మం పేరిట కొంత కొనేవాడే చెల్లిస్తాడు. 1970ల చివర బిజిలీ కాటన్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మొత్తం వ్యాపారి ఆదాయం కాదని చెప్పింది. మొదటి నుంచీ అది ధర్మానికి కట్టుబడిన సొమ్ము. వ్యాపారి దానికి యజమాని కాదు, కాపలాదారు.

హోటళ్లకూ ఇదే తర్కం వర్తిస్తుంది. బిల్లుకు అదనంగా వసూలు చేస్తే దాత కస్టమర్. తన అమ్మకంలోంచి తీసి ఇస్తే దాత యజమాని. స్పెయిన్‌లోని మాడ్రిడ్‌లో 2016లో తెరిచిన రాబిన్‌హుడ్ రెస్టారెంట్‌లో పగలు తిన్నవారి బిల్లులు రాత్రి నిరాశ్రయుల భోజనానికి తోడ్పడేవి. కస్టమర్‌కు ఆ సంగతి ముందే తెలుసు.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత పరిమితి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. చిన్న హోటళ్లు ఆ పరిమితికి దూరం. పైగా లాభంలో వాటా నష్టం వచ్చిన ఏడాది కరిగిపోతుంది. అమ్మకంలో వాటా నిలుస్తుంది. అందుకే చిన్న హోటల్ మాటకు విలువ ఎక్కువ, పరీక్షా ఎక్కువే. రేటు ముందే చెప్పాలి, లెక్క గోడ మీద పెట్టాలి.

ఒక హద్దు మరచిపోకూడదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం ఆహారాన్ని హక్కుగా గుర్తించింది. దానం ఆ హక్కుకు తోడు కాగలదు, బదులు కాలేదు.

సాధన ప్రశ్న: 'దాతృత్వంలో ఉద్దేశం కన్నా పారదర్శకత ముఖ్యం.' చారిత్రక ఉదాహరణలతో చర్చించండి.